గోడకెక్కిన కర్రలు

ఛీ, నా చేతులు కాలిపోను, అనుకుంది ఎలీషబా.

తెల్లారి ఏడు గంటలప్పుడు చీపురు పట్టుకుని కంది కోసేసిన చేనులోకి వచ్చింది. రెండు రోజుల స్వస్థత సభలు నిన్న సాయంత్రంతో ముగిశాయి. షామియానా మనుషులు గుంజలు పీకుతున్నారు. చేనంతా నీళ్ల ప్యాకెట్ల తొక్కలు, ఎంగిలి ప్లేట్లు, ఎవరి పసిబిడ్డో కక్కుకున్న గుడ్డ. అవన్నీ ఎత్తిపోయడం ఆమెకు కొత్త కాదు. చీపురు కింద పడేసింది వాటిని చూసి కాదు, వేదిక మీద మైకు పక్కన పేర్చిన కర్రల కుప్పను చూసి.

ఇరవై మూడు కర్రలు. చంకకర్రలు, చేతికర్రలు, ఆసుపత్రిలో ఇచ్చే నాలుక్కాళ్ల ఇనుప స్టాండు ఒకటి. వాటిని వదిలేసిన వాళ్లంతా నడుచుకుంటూ ఇళ్లకు పోయి ఉంటే అందరికంటే ముందు ఎలీషబానే హల్లెలూయా అనేది. పోలేదు. మైకు ఆగిపోయాక, జనం ఆటోలకు ఎగబడే తొక్కిసలాటలో, ఒకరు కొడుకు భుజం మీద పడి, ఒకరు కోడలి నడుము పట్టుకుని పోయారు. ఒకాయన చేను గట్టు దాకా దేక్కుంటూ పోయాడు. ఎలీషబా కళ్లారా చూసింది. వేదిక మీది పెద్దమనుషులు చూడలేదు, వాళ్లు అప్పటికే ఫొటోలు దిగుతున్నారు.

మరి ఆ కర్రలను వరసల్లోకి పోయి, ఒక్కొక్కరి చేతిలోంచి తీసుకుని, కట్టెల మోపులా చంకనబెట్టుకొచ్చి వేదిక మీద పడేసింది ఎవరనుకున్నారు? ఎలీషబానే.

మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే రోడ్డు మీద, బస్సు ఆగితే ఆగినట్టు లేకుంటే లేనట్టు ఉండే ఊరు వాళ్లది. ఆ ఊరి పాలెంలోనే పుట్టింది ఎలీషబా. పదేళ్లు నిండకముందే మార్కాపురంలో పలకల పనికి పోయింది. రాయిని పొరలుగా చీల్చి, అరగదీసి, బడిపిల్లల పలకలు చేసే షెడ్డు అది. పగిలిన ముక్కల మీద గీసి గీసి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతుంది. ఆ దుమ్ము ఊరికే పోనిస్తుందా? పాతికేళ్లు వచ్చేసరికి దగ్గి దగ్గి మంచం పట్టింది.

అప్పుడు సంఘానికి కరుణాకరం అయ్యగారు పాస్టరు. పొడుగ్గా, ఎండు కందికట్టెలా ఉండేవాడు. మూడు రోజులు వరసగా వాళ్లింటికి వచ్చి మోకాళ్లూని ప్రార్థన చేశాడు. నాలుగో రోజు తన స్కూటరు ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. మందులు ఇప్పించాడు, పలకల పని మాన్పించాడు, గుడి ఊడ్చే పని చూపించాడు. దగ్గు పోయింది. ప్రార్థనకు పోయిందా, మందుకు పోయిందా, దుమ్ము మానినందుకు పోయిందా అని ఎవరన్నా అడిగితే, "మూడింటినీ పంపినోడు ఒకడే గదా, ఇంక అందులో వాటాలేంది?" అనేది. స్వస్థతలు జరగవని ఆమె ఏనాడూ అనలేదు. ఎట్లా అంటుంది, తన ఒంటి మీదే జరిగితే?

అప్పటి నుంచి గుడి తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంది. ముప్పై ఏళ్లు దాటింది. నాపరాళ్ల నేల కడగడం, ఆదివారం గంట కొట్టడం, బల్ల మీద తెల్లగుడ్డ మార్చడం ఆమె పనులు. అయ్యగారు ఒక మాట చెప్తే రెండో మాట ఉండేది కాదు. సంఘంలో ఆమెకున్న పేరు అదే, లోబడే మనిషి అని. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం కూడా. భర్త జాకబ్ పోయి చాలా ఏళ్లయింది. కడుపున పిల్లల్లేరు. ఆ పేరూ, చనిపోయిన చెల్లెలి కూతురు ఫెబీ, ఈ రెండే ఆమెకున్నవి.

ఫెబీకి రెండో ఏట జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. అప్పుడు కూడా కరుణాకరం అయ్యగారే, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి కళ్లనీళ్లు కారుతుండగా ప్రార్థన చేశాడు. పిల్లకు అయిదేళ్లు వచ్చాక మాత్రం వడ్రంగి వీరాంజనేయుల్ని వెంటబెట్టుకొచ్చి చంక కొలత తీయించాడు. ఫెబీ తల్లి బిత్తరపోయింది. "ఏందయ్యగారూ, ప్రభువు బాగు చేయడా?" అని అడిగింది. "చేస్తే చేస్తాడమ్మా. ఈలోపల పిల్ల బడికి పోవాల గదా," అన్నాడాయన. అంతే ఆయన వేదాంతం. పిల్ల ఎదిగే కొద్దీ వీరాంజనేయులు కర్ర మార్చి ఇచ్చేవాడు. చివరిది టేకు కర్ర, అడుగున సైకిలు టైరు ముక్క, చంక దగ్గర ఫెబీనే పాత చీర చుట్టి కుట్టుకుంది. ఆ కర్ర పుణ్యాన ఆమె పది చదివింది, మిషను కుట్టడం నేర్చింది, బస్టాపు దగ్గర జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుంది, ఆదివారాలు పిల్లలకు పాటలు నేర్పింది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఒకరి చెయ్యి పట్టుకుని నడిచింది లేదు.

కరుణాకరం అయ్యగారు కన్నుమూశాక జాషువా అయ్యగారు వచ్చాడు. వయసులో ఉన్నవాడు, మంచి గొంతు. మొదట్లో ఇల్లిల్లూ తిరిగాడు, చావుకూ పెళ్లికీ ముందుండేవాడు. లేనిపోని నింద వేయకూడదు. తర్వాత్తర్వాత ఆయన కళ్లు పెద్ద సభల మీద పడ్డాయి. కురిచేడులో ఫలానా సంఘానికి ఇంతమంది వచ్చారట, దర్శిలో ఫలానా వారికి ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టారట, ఎప్పుడూ అదే మాట. చివరికి ఎక్కడో దూరం నుంచి స్వస్థత వరం ఉందని చెప్పుకునే ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించాడు.

ఆ రెండో రోజు సాయంత్రం ఆ పెద్దమనిషి మైకు నోటికి ఆనించుకుని ఒకటే మాట, లోబడటం. లోబడనివాడికి స్వస్థత లేదు. కర్ర చేతిలో ఉన్నంతసేపూ నీ నమ్మకం కర్ర మీదే, ప్రభువు మీద కాదు. వదిలెయ్, ఇప్పుడే వదిలెయ్. వెనకాల కీబోర్డు మోత. జాషువా అయ్యగారు వేదిక అంచుకు వచ్చి, "ఎలీషబమ్మా, వరసల్లోకి పో, కర్రలు తీసుకో," అన్నాడు. పోయింది. మూడో వరసలో ఫెబీ ఉంది. కర్రను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని పెద్దమ్మ మొగంలోకి చూసింది. ఇయ్యమంటావా, వద్దంటావా అన్నట్టు. ఒక్క మాట చాలు, తల ఒక్కసారి అడ్డంగా ఊపినా చాలు.

"ఇయ్యమ్మా. అయ్యగారు చెప్పినారు గదా," అంది ఎలీషబా.

ఫెబీ ఇచ్చేసింది. సంఘంలోని పద్మమ్మ ఒక పక్కా, ఇంకొకామె ఒక పక్కా రెక్కలు పట్టుకుని వేదిక ఎక్కిస్తే, నాలుగడుగులు పడ్డాయి. అవి ఫెబీ కాళ్లు వేసిన అడుగులో, పద్మమ్మ చేతులు వేయించిన అడుగులో దేవుడికే తెలియాలి. కింద జనం పూనకం పట్టినట్టు చప్పట్లు. ఫెబీ ఏడుస్తోంది. ఎలీషబా కూడా ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం.

కర్రల సంగతి అంతటితో పోతుందనుకుంది. ఎక్కడ పోతుంది! బుధవారం నాడు జాషువా అయ్యగారు వీరాంజనేయుల్ని గుడికి పిలిపించాడు. ప్రసంగ పీఠం వెనక గోడంతా ఖాళీ చేయించి, ఇరవై మూడు కర్రలనూ అక్కడ కొట్టమన్నాడు. ఎలీషబా ఒక్కొక్కటే అందిస్తుంటే వీరాంజనేయులు మేకులు దిగ్గొట్టాడు. ఆయనకు డెబ్భై దాటాయి. ఫెబీ కర్ర చేతికి రాగానే ఆగిపోయాడు.

"ఇది నేను చేసిందే గదమ్మా. ఆ పిల్ల ఏమైంది?" అన్నాడు.

"స్వస్థత పొందింది," అన్నాడు జాషువా అయ్యగారు వెనకనుంచి.

"అట్నా. సంతోషమేలే అయ్యా. తాడుతో కడితే పోదా? మేకు కొడితే కర్ర పగుల్తాది."

"తాడైతే ఎవరన్నా ఊడదీసుకపోతారు. మేకే కొట్టు."

 వీరాంజనేయులు తన కర్రకు తనే మేకు కొట్టాడు, నెమ్మదిగా, పక్కకు చూస్తూ. అది అయ్యాక అయ్యగారు ఒక సంచి విప్పాడు. లోపల పలకలు, మార్కాపురం పలకలు, చిన్నచిన్నవి. ఒక్కో కర్ర కింద ఒక్కో పలక, దాని మీద తెల్ల పెయింటుతో పేరూ, రోగమూ. ఎలీషబా కూడబలుక్కుని చదివింది. ఫెబీ. పోలియో. స్వస్థత. తన ఊపిరితిత్తులు తిన్న రాయి ఇక్కడికి కూడా వచ్చింది, చూశారా. వాటి చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు. పెళ్లిపందిరి అనుకోవాలో, వేటగాడి ఇంట్లో జింక కొమ్ములు అనుకోవాలో తెలియలేదు. ఇంత సిగ్గులేనితనం ఏంది ప్రభువా అనుకుని ముక్కు చీదుకుని బయటికి వచ్చేసింది.

గురువారం పొద్దున గుడి మెట్ల దగ్గర గొర్రెలు అరుస్తున్నాయి. చూస్తే నాగులు. గొర్రెలు కాసుకునే మనిషి, త్రిపురాంతకం పక్క ఊరు. ఈ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మోకాళ్లు బిగుసుకుపోయాయి. వాళ్ల దేవుడికి మొక్కుకునీ, ఆసుపత్రుల చుట్టూ తిరిగీ, ఇదీ చూద్దామని సభకు వచ్చిన వాడు. ఒక చేత్తో పచ్చి వేపకొమ్మ పట్టుకుని, రెండో చెయ్యి పొట్టేలు వీపు మీద వేసి నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, నా కర్ర ఇయ్యి. ఈ కొమ్మను చూసి గొర్రెలు భయపడేది మాని ఆకు తినేదానికొస్తుండాయి," అన్నాడు.

ఎలీషబాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆయన కాళ్లకేసి చూసింది. "మోకాళ్లెట్లుండాయన్నా?"

"ఎట్లుంటాయి? మొన్నెట్లుండాయో అట్లనే. మీ దేవుడి మీద నాకేం కోపం లేదులే. ఈ తూరి కుదర్లేదు, అంతే. కర్ర మాత్రం నాదే గదా. మా నాయన చేసిచ్చింది."

ఆమె నేరుగా పాస్టరు ఇంటికి పోయింది. అయ్యగారు వరండాలో కూర్చుని ఫోనులో ఫొటోలు చూసుకుంటున్నాడు. సంగతి చెప్పింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఇచ్చేది లేదు. ఆయన సమర్పించినాడు. మనం తిరిగిస్తే దేవుడు చేసిన కార్యాన్ని మనమే కాదన్నట్టు. రేపు ఇరవై మూడు మందీ వస్తారు, అప్పుడేంది?"

"ఆయన బాగుపడలేదయ్యగారూ. పొట్టేలును పట్టుకుని నడుస్తుండాడు."

"విశ్వాసం లేదు, బాగుపడలేదు. దానికి నేనేం చేసేది? ఎలీషబమ్మా, లోబడేది నీకు నేను నేర్పించాల్నా?"

ఆ మాటతో నోరు మూసుకుని వచ్చేసింది. ముప్పై ఏళ్ల అలవాటు అంత తేలిగ్గా పోతుందా మరి. నాగులుకు వట్టి చేతులు చూపించింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఆయన గోడకేసి చూశాడు. లైట్లు వెలిగి ఆరుతున్నాయి.

"మీ గుళ్లోకి కుక్కలొస్తాయా ఏంది చెల్లెమ్మా, అన్ని కర్రలు పెట్టుకున్నారు?" అని, గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

నాగులుకు ఆ నోరుంది. అడగ్గలిగాడు. అడగలేని మనిషి వెనక వీధిలో ఉంది. అప్పటికి మూడు రోజులుగా ఫెబీ దుకాణం తెరవలేదు. ఎలీషబా కూడు తీసుకుపోతే తలుపు సందులోంచి చెయ్యి మాత్రం చాచి తీసుకునేది. "బాగనే ఉండా పెద్దమ్మా, ప్రార్థనలో ఉండా, నువ్వు పో," అనేది. శుక్రవారం మధ్యాహ్నం ఎలీషబా తలుపు నెట్టుకుని లోపలికి పోయింది.

ఫెబీ పెరటి నుంచి వస్తోంది. నేల మీద. రెండు చేతులకూ హవాయి చెప్పులు తొడుక్కుని, చేతులు ముందుకేసి, నడుము ఈడ్చుకుంటూ, బాత్రూము నుంచి గడప దాకా. చీర తడిసి మట్టికొట్టుకుని ఉంది. పెద్దమ్మను చూసి చెప్పులు వెనక్కి దాచుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఊరి ఆడవాళ్లందరి జాకెట్ల కొలతలూ నోటికి చెప్పే మనిషి, దొంగతనం బయటపడ్డట్టు తల వంచుకుంది.

ఎలీషబా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. మణికట్ల దగ్గర తోలు లేచిపోయి ఉంది.

"ఇదేందే తల్లీ!"

"నాకు మొదలైంది పెద్దమ్మా. మెల్లగ వస్తాది. నా విశ్వాసమే చాలడంలే."

"నేను పోయి కర్ర తెస్తా. తాళంచెవి నా దగ్గరే ఉంది."

ఫెబీ ఆమె కొంగు పట్టుకుని లాగింది. "వద్దు! అంతమందిలో నడిచినా గదా, అందరూ చూసినారు. ఇప్పుడు కర్ర పట్టుకుని బయటికొస్తే ప్రభువును అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా? అయ్యగారు ఫోన్ చేసినారు. కర్ర ముట్టుకుంటే ఉన్న కాలు కూడా పోతాదన్నారు. ఆదివారం ఆటో పంపిస్తారంట. దర్శి నుంచి కూడా మనుషులొస్తారంట, సాక్ష్యం చెప్పాలంట. పద్మమ్మత్త పట్టుకుంటాది."

"మరి దుకాణం? నీ బతుకు?"

ఫెబీ తడిసిన కుచ్చిళ్లు పిండుకుంది. "ఆ పొద్దు నువ్వు ఇయ్యమన్నావు గదా పెద్దమ్మా. నువ్వు చెప్తే తప్పు ఉండదనుకున్నా," అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. అదే ఎలీషబా తట్టుకోలేకపోయింది.

బయటికొచ్చి ప్రహరీ పక్కన తిన్నదంతా కక్కేసింది. జాషువా మీద అసహ్యం, ఆ పరాయి ప్రసంగీకుడి మీద అసహ్యం, చప్పట్లు కొట్టిన జనం మీద అసహ్యం. అన్నిటికంటే తన మీద. లోబడే మనిషంట, థూ! ఎవరికి లోబడినట్టు? ముప్పై ఏళ్లుగా మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు లోబడింది, అంతే గదా?

మొగం కడుక్కుని గుడికి పోయింది. ఆదివారం చదవబోయే వాక్యం ఏదన్నది పలక మీద రాసి పెట్టి ఉంది. కోనేటి పక్కన ముప్పై ఎనిమిదేళ్లు పడి ఉన్న రోగి సంగతి. ఫెబీ వయసు సరిగ్గా కుదిరిందని జాషువా అయ్యగారు ఏరుకున్నట్టున్నాడు. ఎలీషబా బైబిలు తీసుకుని నేల మీద కూర్చుని, వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి లేచి, గోడ కేసి చూసి, "ఓరి నీ!" అంది పైకే. గుళ్లో అనకూడని మాట. తర్వాత తాళం వేసి, వీరాంజనేయులు ఇంటికి పోయి మేకులు పీకే సుత్తి అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు. ఇచ్చాడు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. దర్శి వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. ఫెబీని ఆటోలో తెచ్చి, ఇద్దరాడవాళ్లు మోసినట్టే తెచ్చి, పీఠం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చీర కట్టించారు. మణికట్లు కనపడకుండా పొడుగు చేతుల జాకెట్టు. ఎలీషబా గంట కొట్టి, ఎప్పటిలాగే వెనక తలుపు దగ్గర నిలబడింది. సుత్తి కొంగు కింద ఉంది.

జాషువా అయ్యగారు వాక్యం చదివాడు. మంచి గొంతు, చెప్పానుగా. రోగి పడి ఉండటం, ప్రభువు వచ్చి లేవమనటం, వాడు లేవటం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పాడు. చెప్పి, "లేచి నడువు అన్నాడు. వాడు ఎందుకు నడిచినాడు? లోబడినాడు కాబట్టి!" అని అరిచాడు.

"నడువు అనలేదయ్యగారూ," అంది ఎలీషబా.

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె గొంతు గుళ్లో ఇంతవరకూ ఆమేన్‌కు తప్ప లేవలేదు.

"ఉత్త నడువు అనలేదు. నీ పరుపు ఎత్తుకుని నడువు అన్నాడు. మీరు ఆ ముక్క మింగేసినారు. ఎత్తుకుని పొమ్మన్నాడు. నాకిచ్చిపో, గోడకు కొట్టిపెట్టుకుంటా అనలేదు."

ముందు వరసలో ఎవరో దగ్గారు. ఎలీషబా నడవ మధ్యలోంచి నడుచుకుంటూ ముందుకు వచ్చింది. పీఠం వెనక్కి పోయి ఫెబీ కర్ర మేకుకు సుత్తి తగిలించి లాగింది. మేకు కీచుమని అరుస్తూ బయటికి వచ్చింది. కింది పలక జారిపడి నాపరాయి మీద రెండు ముక్కలైంది.

"ఆరాధన రోజున ఏంది ఈ పని!" అన్నాడు జాషువా అయ్యగారు. ఆయన మొగం నల్లబడింది.

"ఆ కతలో కూడా పెద్దలు ఇదే అడిగినారు గదయ్యగారూ. విశ్రాంతి దినాన పరుపు ఎందుకు మోస్తుండావు అని. నేను చదివినా." సుత్తి పట్టుకునే ఆయన వైపు తిరిగింది. "ప్రభువు ముట్టినోళ్లు ఇంటికి పోయినారు. బతుకులు బతుక్కున్నారు. ఆయన ఎవరినీ గోడకు తగిలించుకోలేదు."

అప్పుడు ఎలీషబా ఆ కర్రను ఫెబీ ఒళ్లో పెట్టి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇది ఆమె ఇంట్లో అనుకుని వచ్చింది కాదు. తనంతట వచ్చింది.

"అమ్మా ఫెబీ, ఆ పొద్దు నువ్వు నా మొగం చూసినావు. వద్దు అనాల్సింది నేను. అయ్యగారికి భయపడి, నాకున్న పేరు పోతాదని, ఇయ్యి అన్నా. నీ కాలు ప్రభువు చేతిలో ఉంది, ఎప్పుడు బాగుచేస్తాడో ఆయనిష్టం. నీ కర్ర గుంజుకుంది మాత్రం నేను. నన్ను క్షమించు తల్లీ."

"ఫెబీ, ఆమె మాట వినబాకు. ఇది సాతాను శోధన," అన్నాడు జాషువా.

ఫెబీ ఆయన కేసి చూడలేదు. కర్ర మీద మేకు చేసిన బొక్కను వేలితో తడిమింది. జాకెట్టు చేతులు పైకి లాక్కుంది. పచ్చిపుండ్లు అందరికీ కనిపించాయి, కనపడనిచ్చింది. పద్మమ్మ అమ్మో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫెబీ కర్ర చంకలో పెట్టుకుని, కుర్చీ అంచు పట్టుకుని లేచింది. నాపరాళ్ల మీద టైరు ముక్క చప్పుడు చేసుకుంటూ, దర్శి వాళ్ల ముందునుంచే, పిల్లలు కూర్చునే చాప దగ్గరికి నడిచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. గోడకు కర్ర ఆనించి, చాప మీద కూర్చుని, పక్కనున్న పిల్లదాని జడ సర్దింది.

"ఇది నా సాక్ష్యం అయ్యగారూ," అంది.

ఎలీషబా మిగిలిన కర్రలు పీకడం మొదలుపెట్టింది. జాషువా మైకులో ఏదేదో చెబుతూనే ఉన్నాడు, పాట ఎత్తుకోమన్నాడు, ఎవరూ ఎత్తుకోలేదు. మూడో కర్ర దగ్గర పద్మమ్మ వచ్చి కింద పట్టుకుంది. తల ఎత్తకుండా పట్టుకుంది. అన్నీ దిగాక జాషువా, "తాళంచెవి అక్కడ పెట్టి పో," అన్నాడు. బొడ్లోంచి తీసి తెల్లగుడ్డ మీద పెట్టింది. ముప్పై ఏళ్ల బరువు ఉన్న చోట ఒళ్లు చల్లగా తగిలింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

కర్రలు మోపు కట్టి నెత్తికెత్తుకుని త్రిపురాంతకం బస్సు ఎక్కింది. కట్టెలకు టిక్కెట్టు తీసుకోవాలన్నాడు కండక్టరు. కట్టెలు కాదు నాయనా, మనుషుల కాళ్లు, అంది. వాడు ఒకసారి ఆ ఇనుప స్టాండు కేసి చూసి ఊరుకున్నాడు.

రోడ్డు పక్క బీడులోనే దొరికాడు నాగులు. కర్రను చూడగానే చంటిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, చేత్తో రాసి, మధ్యలో ఆగాడు. అక్కడ మేకు తల విరిగి లోపలే ఉండిపోయింది.

"ఇదేంది చెల్లెమ్మా, నా కర్రకు మేకు కొట్టినారు?"

ఎలీషబా మోపు దించుకుని గట్టు మీద కూలబడింది.

"మేకులు కొట్టేది మాకు అలవాటే అన్నా," అంది.

నాగులుకు ఆ మాట అర్థం కాలేదు. రాయి ఒకటి వెతికి తెచ్చాడు. ఆమె కర్రను ఒళ్లో పెట్టుకుని, ఆ మేకు వదులయ్యేదాకా కొడుతూ కూర్చుంది.